అక్వేరియం కారుతుంటే: పాత సిలికాన్ మొత్తం గీకాకే కొత్తది వేయండి

విజయవాడలో అల్యూమినియం కిటికీలు, గ్లాసు పార్టిషన్లు బిగించడం నా పని. సిలికాన్ గన్ రోజూ చేతిలో ఉండేదే. చేపలు పెంచడం చిన్నప్పటి నుంచీ ఉన్న ఇష్టం. ఈ రెండూ తెలుసని మా వీధిలో ఎవరి అక్వేరియం కారినా ముందు నాకే ఫోన్ వస్తుంది. వెళ్లి చూస్తే చాలా ఇళ్లలో ఒకటే వరస. కారుతున్న మూలకి బయటివైపు ఎవరో ఫెవిక్విక్ పోసి ఉంటారు. దాని మీద ఎంసీల్ ముద్ద. ఆ ముద్ద మీద మళ్లీ ఓ పొర సిలికాన్. నీళ్లు మాత్రం కారుతూనే ఉంటాయి.

"అన్నా, లోపల కదిలించడం ఎందుకు, బయటినుంచే ఇంకాస్త కొట్టెయ్యి, ఆగిపోతుంది" అంటారు. ఆగదు. నీళ్లు లోపల్నుంచి బయటికి తోస్తుంటాయి. లోపల వేసిన సిలికాన్‌ని ఆ తోపుడే గాజుకేసి అదిమిపెడుతుంది. బయట వేసినదాన్ని అదే తోపుడు ఊడదీస్తుంది. ఎంసీల్ పైపులకు మంచి సరుకే, కానీ అది రాయిలా బిగుసుకుంటుంది. ట్యాంకులో నీళ్లు నింపినప్పుడల్లా గ్లాసు మన కంటికి కనబడనంతగా బయటికి వంగుతుంది, తీసేస్తే వెనక్కి వస్తుంది. ఆ కదలికతో పాటు సాగే సరుకు కావాలి. సిలికాన్ సాగుతుంది, అందుకే ట్యాంకులన్నీ దానితోనే అతికిస్తారు.

ఇక అసలు సంగతి. కొత్త సిలికాన్ గాజుకి అంటుకుంటుంది, ఆరిపోయిన పాత సిలికాన్‌కి అంటుకోదు. అంటుకున్నట్టే కనబడుతుంది, రెండు మూడు వారాలు ఆగినట్టే ఉంటుంది, తర్వాత పాతదానికీ కొత్తదానికీ మధ్య సన్నటి దారి చేసుకుని నీళ్లు మళ్లీ వస్తాయి. కాబట్టి లీకైన చోట మాత్రం కాస్త అతుకు వేయడం అనే పద్ధతి వద్దు. లోపలి అంచుల్లో ఉన్న పాత సిలికాన్ మొత్తం తీసేసి, గాజుని శుభ్రం చేసి, చుట్టూ కొత్తది వేయాలి. గన్ పట్టుకునే పని కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మిగతాదంతా గీకడం, తుడవడం, ఆగడం.

రిపేరు చేయదగ్గ ట్యాంకేనా?

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకు. నిండా పోస్తే సుమారు 55 లీటర్ల నీళ్లు పడతాయి, అంటే 55 కిలోలు. 5 ఎంఎం గాజైతే ఒట్టి గాజే తొమ్మిది కిలోల పైచిలుకు ఉంటుంది. గులకరాళ్లు, మూత, ఫిల్టరు కలిస్తే 75 కిలోలు తేలిగ్గా దాటుతుంది. ముందు గ్లాసు ఒక్కదాని మీదే నీళ్లు తోసే బలం 27 కిలోల దాకా వస్తుంది. ఈ ఒత్తిడి నీళ్ల లోతుని బట్టి పెరుగుతుంది. అందుకే లీకులు ఎక్కువగా కింది మూలల్లో మొదలవుతాయి. అదే రెండడుగుల ట్యాంకు ఎత్తు అడుగున్నర ఉందనుకోండి, ముందు గ్లాసు మీద బలం అరవై కిలోలు అవుతుంది. రెట్టింపు కంటే ఎక్కువ. అడుగున్నర ఎత్తు దాటిన ట్యాంకుని ఇంట్లో కదిలించొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే. దాన్ని అక్వేరియం తయారుచేసే షాపుకే ఇవ్వండి.

ఎత్తు తక్కువే అయినా ఇంకో విషయం చూడాలి. ట్యాంకులో సిలికాన్ రెండు చోట్ల ఉంటుంది. ఒకటి, ఒక గ్లాసు అంచుకీ పక్క గ్లాసుకీ మధ్య పల్చటి పొరలా ఉండేది. ట్యాంకుని నిలబెట్టేది అదే. రెండోది, లోపలి మూలల వెంబడి వేలితో దిద్దినట్టు ఉండేది. ఇది నీళ్లని ఆ మొదటి పొర దాకా పోనివ్వదు. మనం ఇంట్లో మార్చేది ఈ రెండోదాన్నే. మొదటిది బాగుందో లేదో బయట్నుంచి, పక్క గ్లాసు గుండా, టార్చ్‌లైట్ వేసి చూడండి. బాగుంటే ఆ పొర ఒకే రంగులో నిండుగా కనబడుతుంది. అక్కడక్కడా చిన్న బుడగలుంటే ఫరవాలేదు. కానీ పొర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తెల్లగా పొరలు విడిచినట్టు కనబడినా, ఖాళీ ట్యాంకుని చేత్తో మెల్లగా నొక్కితే గ్లాసు కదిలినా, అది లోపల గీకి సరిపెట్టే కేసు కాదు. గ్లాసులన్నీ విడదీసి మళ్లీ అతికించాలి.

బీట పడిన గ్లాసుకి సిలికాన్ పూసి వాడొద్దు. పక్క గ్లాసైనా అడుగు గ్లాసైనా బీట పెరుగుతూనే ఉంటుంది, ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. ముందువైపు వంపు తిరిగిన ట్యాంకులకి కూడా అదే మాట, వాటి గ్లాసు విడిగా దొరకదు. పై అంచున చిన్న పెచ్చు ఊడితే అది వేరు. నీళ్లు దాకా రాని చోటైతే వదిలేయొచ్చు.

నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి

ట్యాంకు కింద తడి కనబడగానే టెన్షన్ పడి అంతా విప్పేయకండి. సగం సార్లు అది గ్లాసు లీకు కాదు. ఎయిర్ పంపు ట్యాంకు కంటే కింద పెట్టి ఉంటే, కరెంటు పోయినప్పుడు గాలిపైపులోంచి నీళ్లు వెనక్కి పారి పంపులోంచి కారతాయి. ఆ పైపుకి నాన్‌రిటర్న్ వాల్వ్ పెడితే సరిపోతుంది, చిన్న ప్లాస్టిక్ ముక్క. మూతకి పట్టిన చెమ్మ వెనకనుంచి జారడం, ఫిల్టరు బుడగల తుంపర్లు అంచు దాటడం, వైరు వెంబడి నీటి బొట్టు దిగడం కూడా మామూలే. ముందు ట్యాంకు నాలుగు పక్కలా బయట పొడిగుడ్డతో తుడిచి, ఫిల్టరూ గాలిపంపూ ఓ గంట ఆపి చూడండి. అంతకంటే ఎక్కువసేపు ఆపొద్దు, చేపలకి ఇబ్బంది.

నిజంగా లీకే అయితే చోటు కనిపెట్టాలి. మా పై పోర్షన్‌లో ఉండే మాస్టారి ట్యాంకుకి స్టాండు ప్లైవుడ్ వెనక ఎడమ మూలలో ఉబ్బిపోయింది. ఆయన ఆ మూలనే పట్టుకుని కూర్చున్నారు. లీకు ఉన్నది ముందు కుడి మూలలో. స్టాండు కాస్త వెనక్కి, ఎడమకి వాలి ఉండడంతో, బయటికొచ్చిన నీళ్లు అడుగు గ్లాసుకీ థర్మాకోల్‌కీ మధ్య పాక్కుంటూ అవతలి మూలకి వెళ్లి అక్కడ కారుతున్నాయి. కాబట్టి తడి ఉన్న చోటే లీకు అనుకోవద్దు. టిష్యూ పేపరు సన్నటి పట్టీలుగా చింపి ప్రతి కింది అంచు వెంబడీ, ప్రతి నిలువు మూలకీ ఆనించి పెట్టండి. ఏ పట్టీ ముందు తడుస్తుందో చూడండి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇంకా తేలిక. నీళ్లు ఆవిరైన చోట సున్నంలాంటి తెల్లటి గీత మిగిలిపోతుంది. టార్చ్ ఏటవాలుగా వేస్తే ఆ గీత ఎక్కడ మొదలైందో కనబడుతుంది. లీకు నిలువు మూలలో పైన ఎక్కడో ఉంటే ట్యాంకే చెబుతుంది. నీటిమట్టం దిగి దిగి ఒక చోట ఆగిపోతుంది, లీకు సరిగ్గా ఆ ఎత్తులో ఉంటుంది.

చోటు తెలిసినా చుట్టూ అంతా మార్చాల్సిందే. చోటు ఎందుకు వెతుకుతామంటే, అక్కడ మధ్యపొర ఎలా ఉందో దగ్గరగా చూడాలి, గీకేటప్పుడూ వేసేటప్పుడూ అక్కడ రెట్టింపు జాగ్రత్త పడాలి.

ముందు చేపలు

గీకడం, ఆరడం, పరీక్ష అంతా కలిపి దాదాపు వారం పడుతుంది. ఆ వారం చేపలు బకెట్లో కాదు, వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో ఉండాలి. నీళ్ల పైతలం ఎంత వెడల్పుగా ఉంటే గాలి అంత బాగా కలుస్తుంది. గోల్డ్‌ఫిష్‌లకి ఇది మరీ అవసరం. సబ్బు, సర్ఫ్ ఎప్పుడూ తగలని టబ్బు చూసుకోండి. ట్యాంకులోని నీళ్లనే సైఫన్ పైపుతో టబ్బులోకి దించండి. కొత్త నీళ్లు, కొత్త చోటు, రెండు దెబ్బలూ ఒకేసారి చేపలకి వద్దు.

హీటరు ఉంటే నీళ్లు తీయకముందే ప్లగ్ పీకేసి, చల్లారనివ్వండి. నీళ్లు లేకుండా వేడెక్కితే దాని గాజు గొట్టం పగులుతుంది.

ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగొద్దు. ఇది చాలామందికి తెలియని సంగతి. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాని విరగ్గొట్టే బ్యాక్టీరియా ఆ స్పాంజిలోనే కాపురం ఉంటుంది. క్లోరిన్ తగిలినా, ఎండిపోయినా చచ్చిపోతుంది. స్పాంజిని అలాగే తీసి టబ్బులో పెట్టి ఫిల్టరు నడపండి. ఆ వారం మేత సగానికి తగ్గించండి. రోజూ పావు వంతు నీళ్లు మార్చండి, క్లోరిన్ తీసేసిన నీళ్లతో. షాపుల్లో యాంటీక్లోరిన్ పేరుతో దొరుకుతుంది. టబ్బు మీద వల మూత కట్టండి. గోల్డ్‌ఫిష్‌లు ఎగరవని చాలామంది ధీమాగా ఉంటారు, భయపడితే అవీ ఎగురుతాయి. పిల్లి ఉన్న ఇల్లయితే చెప్పనే అక్కర్లేదు.

గులకరాళ్లు పూర్తిగా తీసేశాకే ట్యాంకుని ఎత్తండి. ఇద్దరు మనుషులు, అడుగు కింద చేతులు పెట్టి ఎత్తాలి. పై అంచు పట్టుకుని ఎత్తితే బరువంతా అతుకుల మీద పడుతుంది. కాసిన్ని నీళ్లే కదా అని అడుగున నీళ్లు ఉంచి జరపొద్దు. నేను చూసిన లీకుల్లో చాలా వాటికి కారణం అదే. ఇల్లు మారేటప్పుడో, సున్నాలు వేయించేటప్పుడో నీళ్లతో ట్యాంకుని లాగి ఉంటారు.

ట్యూబు మీద ఏం రాసి ఉందో చదవండి

హార్డ్‌వేర్ షాపులో సిలికాన్ అంటే పది రకాలు తీసి పెడతాడు. మనకు కావలసింది నూటికి నూరు శాతం సిలికాన్, జీపీ (జనరల్ పర్పస్) రకం, క్లియర్ లేదా నలుపు. దీన్నే అసిటాక్సీ అని ట్యూబు మీద రాస్తారు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన ఘాటుగా వస్తుంది. ఆ వాసన పూర్తిగా పోయాక అది చేపలకి ఏమీ చేయదు. అక్వేరియం అని స్పష్టంగా రాసిన ట్యూబు దొరికితే సందేహమే లేదు, అదే తీసుకోండి.

శానిటరీ, బాత్రూమ్, యాంటీఫంగస్ అని ఎక్కడ కనబడినా ముట్టుకోవద్దు. బూజు పట్టకుండా అందులో మందు కలుపుతారు. బూజుని చంపే మందు నీళ్లలోకి దిగితే చేపల్నీ వదలదు. మేం కిటికీల బయట కొట్టే వెదర్ సీలెంట్ కూడా వద్దు. అది గోడకీ అల్యూమినియానికీ చేసిన సరుకు. యాక్రిలిక్ సీలెంట్ చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది కానీ ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే చోటుకి పనికిరాదు. షాపతను "అన్నీ ఒకటే బాబాయ్" అన్నా సరే, ట్యూబు చేతిలోకి తీసుకుని మీరే చదవండి.

తయారీ తేదీ, గడువు కూడా చూడండి. గడువు దాటిన సిలికాన్ పైన తోలు కడుతుంది, లోపల జిగటగానే ఉండిపోతుంది. రెండడుగుల ట్యాంకుకి లోపలి అంచులన్నీ కలిపితే పది అడుగులు. దానికి వంద మిల్లీలీటర్ల చుట్టుపక్కల ఖర్చవుతుంది. 280 మిల్లీలీటర్ల ట్యూబు ఒకటి ఎక్కువే. గన్ కొనక్కర్లేదు, దగ్గర్లో గ్లాసు పని చేసేవాళ్లని అడిగితే ఇస్తారు.

దాంతోపాటు బ్లేడు బిగించే స్క్రేపర్, ఓ ప్యాకెట్ బ్లేడ్లు, అంగుళం మాస్కింగ్ టేపు, గ్లవ్స్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని నూలుగుడ్డ. చేతులకి రాసుకునే శానిటైజర్ ఆల్కహాలే కదా అని వాడొద్దు. అందులో చేతులు మెత్తగా ఉండడానికి కలిపినవి గాజు మీద పొరలా మిగిలిపోతాయి. నెయిల్ పాలిష్ రిమూవర్‌దీ అదే కథ.

గీకడం

ట్యాంకుని వెలుతురున్న చోట, నేల మీద పాత దుప్పటి వేసి పెట్టండి. ముందు లోపలంతా ఒట్టి నీళ్లతో కడిగి ఇసుక రేణువు లేకుండా చేయండి. బ్లేడు కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా గాజు మీద గీత పడుతుంది. ఆ గీత ఇక పోదు.

మూలలో ఉన్న సిలికాన్‌ని రెండు వైపుల నుంచీ కోయాలి. బ్లేడుని గాజుకి దాదాపు అంటించినట్టు పడుకోబెట్టి, మూల దాకా ఒకే ఊపులో తోయండి. తర్వాత పక్క గ్లాసు మీద పెట్టి అలాగే. రెండు కోతలూ కలిసిన చోట కొస దొరుకుతుంది. దాన్ని వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగితే అరటినారలా పొడుగ్గా ఊడి వస్తుంది. మధ్యలో తెగితే మళ్లీ కోయండి. ఎక్కడ లాగినంత సేపూ గట్టిగా పట్టుకుని ఉందో అక్కడ బాగున్నట్టు. ఎక్కడ చేయి పెట్టగానే లేచి వచ్చిందో, దాని కింద పచ్చగా పాచి కనబడిందో, నీళ్లు అటే వెళుతున్నాయన్న మాట.

ఇక్కడ ఒకటి గుర్తుంచుకోండి. బ్లేడు మొన మూలలో ఉన్న సందులోకి దిగకూడదు. ఆ సందులో ఉన్నదే ట్యాంకుని నిలబెట్టే పొర. దాన్ని కోస్తే చిన్న రిపేరు కాస్తా పెద్దదవుతుంది. చివరి రెండు మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చాక బ్లేడు పక్కన పెట్టి, పాత ఏటీఎం కార్డుని మూలగా కోసి దాని అంచుతో గీకండి. ప్లాస్టిక్కు సిలికాన్‌ని ఎత్తుతుంది, సందుని కోయదు.

మూడు గ్లాసులు కలిసే కింది మూలల దగ్గర అందరూ అలసిపోతారు. చేయి సరిగా దూరదు, బ్లేడు తిరగదు, ఉలవగింజంత ముద్ద అక్కడే ఉండిపోతుంది. కొత్త సిలికాన్ దాని మీద పడితే మళ్లీ లీకయ్యేది అక్కడే. బ్లేడుని సగానికి విరిచి (ప్లయరుతో, గుడ్డలో చుట్టి విరవాలి) ఆ ముక్కని స్క్రేపర్‌కి బిగించి, ఓపిగ్గా ఆ నాలుగు మూలలూ తీయండి. ఎంతసేపు పట్టినా పట్టనివ్వండి. బ్లేడు మొద్దుబారగానే మార్చండి. మొద్దు బ్లేడుతో బలం పెడితే జారి చేయి తెగుతుంది.

ముద్దలు పోయాక గాజు మీద కంటికి ఆనని సిలికాన్ పొర మిగిలి ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష. వేలు నీళ్లలో ముంచి ఆ చోట రాయండి. శుభ్రమైన గాజు మీద నీళ్లు పల్చగా పరుచుకుంటాయి. సిలికాన్ పొర ఉన్న చోట తామరాకు మీదలా చిన్న చిన్న బొట్లుగా ముడుచుకుంటాయి. బొట్లు కట్టిన ప్రతిచోటా మళ్లీ బ్లేడు నడపాలి. బోరు నీళ్ల తెల్లమరకలుంటే వెనిగర్ గుడ్డ కాసేపు ఆనించి తుడిచి, మంచినీళ్లతో కడిగేయండి.

తడి పూర్తిగా ఆరాక ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడవండి, ప్రతిసారీ గుడ్డ మడత మార్చి. తుడిచాక ఆ అంచుల మీద వేలు పెట్టొద్దు. మన చేతి జిడ్డు చాలు, సిలికాన్ పట్టకపోవడానికి. సందుల్లో దాక్కున్న తేమ ఆరడానికి ఓ రాత్రంతా ఫ్యాను కింద వదిలేయడం నా అలవాటు.

సిలికాన్ కొట్టడం

కిటికీలు తెరిచి పెట్టుకోండి. ఆ వెనిగర్ ఘాటు కళ్లకి మంటగా ఉంటుంది. మూలకి రెండు వైపులా ఎనిమిదేసి మిల్లీమీటర్లు వదిలి మాస్కింగ్ టేపు అంటించండి. మొత్తం పది అడుగులకీ టేపు వేయడం అయ్యాకే గన్ పట్టుకోండి. జీపీ సిలికాన్ పది పదిహేను నిమిషాల్లో పైన తోలు కడుతుంది, మధ్యలో టేపు వెతుక్కునే టైం ఉండదు. తోడు ఒకరుంటే మంచిది. ఒకరు గన్ నడుపుతుంటే ఇంకొకరు వెనకే దిద్దుకుంటూ రావచ్చు.

నాజిల్‌ని ఏటవాలుగా, రంధ్రం ఐదారు మిల్లీమీటర్లు ఉండేలా కోయండి. ముందు ఓ పనికిరాని గాజుముక్క మీద కాస్త వేసి, ధార సమంగా వస్తోందో లేదో చూసుకోండి. ఆ ముక్కని పారేయకండి, దాంతో తర్వాత పని ఉంది.

నాలుగు నిలువు మూలలు పైనుంచి కిందికి, తర్వాత అడుగున నాలుగు పక్కలూ. నాజిల్‌ని మూలలోకి ఆనించి ముందుకి తోస్తూ వెళ్లాలి. అప్పుడు సిలికాన్ సందులోకి దూరుతుంది. వెనక్కి లాగుతూ వస్తే పైపైన పడుతుంది, అడుగున గాలి ఉండిపోతుంది. ఒక పక్క మొదలుపెడితే ఆ కొస దాకా ఆపకండి. మూడు గ్లాసులు కలిసే మూలల్లో ఒక్క క్షణం నిలిచి ఇంకాస్త నింపండి.

వెంటనే గ్లవ్ వేసిన వేలితోనో, గుండ్రటి కొస ఉన్న ఐస్‌క్రీమ్ పుల్లతోనో ఒకే ఒత్తిడితో, ఒక్క లాగుడుతో దిద్దండి. నున్నగా రాలేదని మళ్లీ మళ్లీ లాగితే పల్చబడుతుంది. కిటికీ పనిలో మేం వేలిని సబ్బునీళ్లలో ముంచి దిద్దుతాం, అందంగా వస్తుంది. ట్యాంకులో మాత్రం సబ్బు వద్దే వద్దు. దిద్దిన వెంటనే, తోలు కట్టకముందే, టేపుని మూలకి దూరంగా ఏటవాలుగా లాగేయండి. ఆలస్యమైతే టేపుతో పాటు సిలికాన్ అంచు లేచి వస్తుంది. చిన్న వంకరలు కనబడినా వదిలేయండి. నీళ్లు పోశాక అవి ఎవరికీ కనబడవు.

ఆగడం, తర్వాత నీళ్లతో చూడడం

సిలికాన్ ఎండకి ఎండే సరుకు కాదు. గాలిలోని తేమని పీల్చుకుని పైనుంచి లోపలికి గట్టిపడుతుంది. రోజుకి రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గట్టిపడుతుందని లెక్క. ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆలస్యమవుతుంది. వానాకాలం, సముద్రం దగ్గరి ఊళ్లలో త్వరగా అవుతుంది. హెయిర్ డ్రయ్యర్ పెట్టడం, ఎండలో పెట్టడం లాంటివి చేయకండి. అడుగు ఎత్తు ట్యాంకుకి పూర్తిగా మూడు రోజులు, అంతకంటే పెద్దదానికి వారం ఆగమంటాను. ఇంతకుముందు దాచిన గాజుముక్క ఇప్పుడు పనికొస్తుంది. దాని మీది సిలికాన్‌ని బ్లేడుతో అడ్డంగా కోసి లోపల చూడండి. మధ్యలో కూడా రబ్బరులా ఉండి, వాసన లేకపోతే ట్యాంకులోనూ అయినట్టే. జిగట ఉంటే ఇంకో రెండు రోజులు. ట్యాంకులో ఉన్నదాన్ని మాత్రం గోటితో గిల్లి చూడొద్దు.

పరీక్ష స్టాండు మీద పెట్టకండి. బాల్కనీలోనో, నీళ్లు పోయే దారి ఉన్న చోటో సమంగా ఉన్న నేల మీద థర్మాకోల్ షీటు వేసి, చుట్టూ పొడి న్యూస్‌పేపర్ పరిచి ట్యాంకుని దాని మీద పెట్టండి. పావు వంతు నింపి పూట ఆగండి. సగం నింపి ఒక రాత్రి. నిండా నింపి మరో పూర్తి రోజు. ప్రతిసారీ మార్కర్‌తో నీటిమట్టం గీత పెట్టండి. ఎండాకాలం మూత లేని ట్యాంకులో రోజుకి కొన్ని మిల్లీమీటర్లు ఆవిరికే పోతాయి, దానికి కంగారు పడొద్దు. మట్టం ఎంత దిగిందనేదాని కంటే పేపరు పొడిగా ఉందా లేదా అన్నదే ముఖ్యం. ఈ నీళ్లు పారబోసి, ఇంకోసారి కడిగాకే అసలు నీళ్లు పోయాలి.

పేపరు తడిసిందా, కింద ఏ మూలో చూసి, ఆ పక్క మొత్తం మళ్లీ గీకి వేయాల్సిందే. రెండోసారీ అక్కడే కారితే తప్పు లోపలి అంచుది కాదు, మధ్యపొరది. అప్పుడు షాపుకి తీసుకెళ్లి ఆ గ్లాసు విడదీయించండి.

ట్యాంకు కింద ఏముంది

సిలికాన్ ముసలిదై లీకవడం ఒకటి. కానీ నాలుగైదేళ్ల ట్యాంకు కారుతోందంటే నేను ముందు స్టాండు చూస్తాను. ఒక కాలు సూత్ (అంగుళంలో ఎనిమిదో వంతు) పొట్టిగా ఉన్నా ట్యాంకు మెలితిరిగినట్టు నిలబడుతుంది. బరువు ఒక మూల అతుకు మీద రోజూ పడుతుంటుంది. మేస్త్రీల దగ్గర రసమట్టం తెచ్చి పొడవుగా, అడ్డంగా, రెండు మూలల మధ్య ఏటవాలుగా పెట్టి చూడండి. తేడా ఉంటే స్టాండు కాళ్ల కింద రేకుముక్కలు పెట్టి సరిచేయాలి. ట్యాంకు కింద ముక్కలు పెట్టొద్దు, బరువంతా ఆ ముక్క మీదే పడి అడుగు గ్లాసు పగులుతుంది. ప్లైవుడ్ ఉబ్బిపోయి ఉంటే మార్చేయండి. మాస్టారింట్లో మేం చేసిన పనిలో సగం స్టాండుకే. ఒట్టి గాజు ట్యాంకైతే అడుగు మొత్తానికీ ఆనేలా సుమారు పది ఎంఎం థర్మాకోల్ ఒకే షీటుగా వేయాలి, రెండు ముక్కలు అతికించి కాదు. చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేము ఉండి అడుగు గ్లాసు గాల్లో ఉండే ట్యాంకులకి థర్మాకోల్ వేయకూడదు. వాటి బరువు ఫ్రేము అంచుల మీదే నిలవాలి.

చేపల్ని తిరిగి వేసేటప్పుడు టబ్బు నీళ్లు సగం, క్లోరిన్ తీసిన కొత్త నీళ్లు సగం పోసి, రెండింటి వేడీ సమంగా ఉందో చెయ్యి పెట్టి చూసుకుని, స్పాంజి ముందు, చేపలు తర్వాత. ఆ రోజు మేత వద్దు. మొదటి వారం రోజూ పొద్దున్నే ఒక పొడి టిష్యూ కింది అంచు చుట్టూ తిప్పి చూడండి.

మిగిలిన సిలికాన్ ట్యూబుని పారేయక్కర్లేదు. నాజిల్‌లో పొడుగాటి స్క్రూ బిగించి పెడితే రెండు మూడు నెలలు పనికొస్తుంది. వాడేముందు ఆ గడ్డకట్టిన కొసని స్క్రూతో పాటే లాగేసి, మళ్లీ ఓ గాజుముక్క మీద వేసి, ఆరుతోందని చూసుకున్నాకే వాడండి.